ఒక కిడ్నీ తీసేశారు, ఉన్నదానికీ దెబ్బ తగిలింది. అది కోలుకుంటుందా?

పలమనేరు దగ్గరి ఒక ఊరి నుంచి ఒకామె అడిగిన ప్రశ్న ఇది. ఆమె తమ్ముడికి 31 ఏళ్లు. 19 రోజుల కిందట మొగిలి ఘాట్‌లో మామిడికాయల లోడుతో వస్తున్న మినీ లారీ తిరగబడింది. ఎడమ కిడ్నీ నుజ్జయి, రక్తం ఆగకపోవడంతో అదే రాత్రి ఆపరేషన్ చేసి తీసేశారు. కుడి కిడ్నీ కూడా చీలింది కానీ దాన్ని ఉంచారు. స్కాన్‌లో గ్రేడ్ 3 అని రాశారట. మూత్రం రోజుకు 150 మిల్లీలీటర్లు దాటడం లేదు. క్రియాటినిన్ (రక్తంలో ఉండే వ్యర్థం, కిడ్నీ పని తగ్గేకొద్దీ పెరుగుతుంది) 8.1 దాకా పోయింది. ఇప్పటికి ఏడు డయాలసిస్‌లు అయ్యాయి. డాక్టర్లు ‘చూద్దాం’ అంటున్నారు, ఊళ్లోవాళ్లేమో డయాలసిస్ ఒకసారి మొదలైతే ఇక జీవితాంతమే అంటున్నారు. ఆ ఒక్క కిడ్నీ కోలుకుంటుందా, తన కిడ్నీ ఇవ్వడానికి ఇప్పుడే పరీక్షలు మొదలుపెట్టాలా అని ఆమె అడుగుతున్నారు. చివర్లో, వాడు రాగిసంగటి అడుగుతున్నాడు, పెట్టొచ్చా అని కూడా రాశారు.

అమ్మా, నేను తిరుపతిలో 23 ఏళ్లుగా కిడ్నీ డాక్టరుగా పనిచేస్తున్నాను. మీ తమ్ముణ్ని నేను చూడలేదు, రిపోర్టులూ చూడలేదు. కాబట్టి నా మాట కన్నా రోజూ రెండు పూటలా అతన్ని చూస్తున్న డాక్టరు మాటకే విలువ ఎక్కువ. అయినా మీరు రాసినదాన్నిబట్టి సూటిగా చెప్తాను.

కోలుకునే అవకాశమే ఎక్కువ. వయసు తక్కువ, యాక్సిడెంట్‌కు ముందు షుగరు, బీపీ లేవు, మూత్రం తక్కువైనా కొంత వస్తోంది. ఈ మూడూ మీ వైపే ఉన్నాయి. 19 రోజులకే ఆశ వదులుకోనక్కర్లేదు. ఇప్పుడు చేస్తున్న డయాలసిస్ ఆ కిడ్నీ లేచి నిలబడేదాకా ఇచ్చే ఆసరా. మీ కిడ్నీ ఇచ్చే ఆలోచన కనీసం 3 నెలలు పక్కన పెట్టండి. అయితే అది కోలుకున్నా రెండు కిడ్నీలతో సమానం కాదు. ఎంతవరకు కోలుకుంటుందనేది ఈ 3 నెలల్లో దానికి రెండో దెబ్బ తగలకుండా చూసుకోవడం మీద చాలావరకు ఆధారపడి ఉంటుంది. నేను ఇక్కడ ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఈ చివరి మాటే.

మీ తమ్ముడి కుడి కిడ్నీకి నిజానికి రెండు రకాల దెబ్బలు తగిలాయి. రెండింటినీ విడివిడిగా అర్థం చేసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఒకటి స్కాన్‌లో కనిపించే చీలిక. కిడ్నీ గాయాలను 1 నుంచి 5 దాకా గ్రేడ్లుగా లెక్కేస్తారు. 3 అంటే చీలిక సెంటీమీటరు లోతు దాటింది, కానీ మూత్రం చేరే లోపలి గదుల దాకా పోలేదు. ఇలాంటి గాయానికి ఇప్పుడు చాలావరకు ఆపరేషన్ చేయరు. మంచం మీద కదలకుండా ఉంచి, రక్తం, బీపీ గమనిస్తారు. అది మన మోకాలి గాయం మానినట్టే మానుతుంది, మచ్చ పడుతుంది. మచ్చ పడిన ముక్క ఇక పని చేయదు. కానీ అది కిడ్నీలో కొంత భాగమే.

రెండోది స్కాన్‌లో తిన్నగా కనిపించదు. అసలు మూత్రం తగ్గిపోయింది దీనివల్లే. గుండె నిమిషానికి పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు కిడ్నీలకే పోతుంది. అంత రక్తానికి అలవాటు పడ్డ అవయవం అది. యాక్సిడెంట్‌లో రక్తం పోయి, గంటల తరబడి బీపీ పడిపోతే కిడ్నీ లోపలి సన్నని గొట్టాల గోడల్లో కణాలు చచ్చి రాలిపోతాయి. రాలినవి ఆ గొట్టాల్లోనే అడ్డం పడతాయి. కేసు షీటులో ‘ఏటీఎన్’ అని రాసి ఉంటే అది ఇదే. లారీ కింద కాలో తొడో నలిగి ఉంటే ఇంకొకటి తోడవుతుంది. నలిగిన కండరాల నుంచి వచ్చే ఎర్రటి ప్రోటీన్ కూడా ఆ గొట్టాల్ని దెబ్బతీస్తుంది. 1941లో లండన్ మీద బాంబులు పడి శిథిలాల కింద నలిగినవాళ్లలో బైవాటర్స్ అనే డాక్టరు దీన్ని మొదటిసారి వివరంగా రాశాడు. మీ తమ్ముడికి మొదటి రోజుల్లో మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చిందేమో, కండరాలు నలిగాయో లేదో చెప్పే సీపీకే అనే పరీక్ష చేశారేమో కనుక్కోండి.

మంచి సంగతి ఏమిటంటే ఈ రెండో రకం దెబ్బ నుంచి కిడ్నీ బాగా తేరుకుంటుంది. ఎండకు మాడిన గరిక వాన పడగానే వేరు నుంచి లేచినట్టుగా, గొట్టంలో బతికి ఉన్న కొద్ది కణాలు ముందు తమ పని మానుకుని పలచగా పరుచుకుంటాయి, ఖాళీ అయిన గోడను కప్పుతాయి, తర్వాత ఒకటి రెండుగా పెరుగుతాయి, చివరికి పాత పనిని మళ్లీ నేర్చుకుంటాయి. దీనికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కొందరికి ఆరు వారాలు, ఇంకొందరికి అంతకన్నా ఎక్కువ. ఈ పనిని తొందరపెట్టే మందు ఇంతవరకు లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనకండి.

మరి తీసేసిన కిడ్నీ లోటు ఎలా తీరుతుంది? ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత యూనిట్లు ఉంటాయి, వాటిని నెఫ్రాన్లు అంటారు. తల్లి కడుపులో ఉండగానే అవన్నీ తయారైపోతాయి. పుట్టిన తర్వాత కొత్తది ఒక్కటి కూడా రాదు. కాబట్టి ‘కిడ్నీ మళ్లీ పెరుగుతుంది’ అని ఎవరైనా అంటే కొత్త నెఫ్రాన్లు పుడతాయని అనుకోకండి. ఉన్నవే లావెక్కుతాయి. ఒక కిడ్నీ పోగానే రెండోదానికి రక్తం ఎక్కువగా పోవడం మొదలవుతుంది. రోజుల్లోనే ఒక్కో నెఫ్రాన్ మునుపటి కన్నా ఎక్కువ వడకడుతుంది. వారాలు, నెలలు గడిచేకొద్దీ కిడ్నీ సైజు కూడా పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉండి ఒక కిడ్నీ దానం చేసినవాళ్లలో మొత్తం వడపోత సగానికి పడిపోయి ఆగదు. కొన్నాళ్లకు పాత దానిలో నూటికి 65, 70 దగ్గర నిలబడుతుంది.

మనిషి ఒక్క కిడ్నీతో బతకగలడని కావాలని నిరూపించింది 1869లో. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్టాఫ్ సైమన్ అనే సర్జన్ ముందు కుక్కల్లో ఒక కిడ్నీ తీసి, అవి బాగానే ఉన్నాయని చూసుకుని, తర్వాత ఒక స్త్రీకి ఆపరేషన్ చేశాడు. ఆమె కోలుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయాల వల్ల ఒక కిడ్నీ పోగొట్టుకున్న 62 మంది అమెరికన్ సైనికుల్ని 45 ఏళ్ల తర్వాత వెతికి చూశారు. రెండు కిడ్నీలున్న తోటి సైనికుల కన్నా వాళ్లు ముందుగా చనిపోలేదు. ఈ సంగతి మా ఓపీలో చాలామంది తల్లిదండ్రులకు చెప్తుంటాను.

కానీ మీ తమ్ముడి కిడ్నీకి దానమిచ్చినవాళ్ల కిడ్నీకి లేని భారం ఒకటుంది. అది తన గాయం మాన్పుకుంటూనే రెండోదాని పని నెత్తిన వేసుకోవాలి. ఇల్లు కూలి సగం గోడలే మిగిలిన చోట చుట్టాలు కూడా దిగినట్టు. అందుకే కోలుకోవడం నెమ్మదిగా ఉంటుంది, కొంచెం తక్కువ దగ్గర ఆగుతుంది. నేను చూసిన ఇలాంటి కుర్రాళ్లలో ఎక్కువమంది క్రియాటినిన్ 1.3 నుంచి 1.8 మధ్య నిలబడింది. 0.8 రావాలని కూర్చోకండి. రానక్కర్లేదు కూడా.

ఒక కేసు చెప్తాను. ఆరేళ్ల కిందట పుత్తూరు వైపు ఒక పల్లె నుంచి 26 ఏళ్ల కుర్రాడు వచ్చాడు. ఫిబ్రవరిలో చింతకాయలు దులపడానికి చెట్టెక్కితే కొమ్మ విరిగి బండ మీద పడ్డాడు. ఎడమ కిడ్నీ తీసేయాల్సి వచ్చింది. కుడిది చీలలేదు గానీ కమిలింది. నాలుగు గంటలసేపు పైబీపీ 70 దాటలేదు. మూడో రోజుకు మూత్రం దాదాపు ఆగిపోయింది. వాళ్లమ్మకు చదువు లేదు, అంకెలు మాత్రం వచ్చు. టీటీడీ క్యాలెండర్ తెచ్చి మంచం పక్కన మేకుకు తగిలించింది. రోజూ ఉదయం 6 గంటలకు సంచిలోని మూత్రం కొలజాడీలో పోసి, కళ్లెత్తు దాకా పైకెత్తి గీత చూసి, ఆ తేదీ గడిలో పెన్సిలుతో అంకె వేసేది. 120. 90. 140. 110. పదిహేను గడులు అలాగే నడిచాయి. పదహారో గడిలో 260 వేసింది. నేను రౌండ్స్‌కు వెళ్లినప్పుడు ఏమీ అనలేదు, ఆ గడి మీద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది. మర్నాడు 430. ఆ తర్వాత 900. 22వ రోజుకు 3,800. గడి చిన్నదై అంకె పక్క తేదీలోకి పోయింది. తొమ్మిది డయాలసిస్‌ల తర్వాత ఆపేశాం.

ఆ ధార చూసి వెంటనే డిశ్చార్జి అడగకండి. రోజుకు మూడు, నాలుగు లీటర్లు పోయే ఈ దశలో కొత్త కణాలు ఇంకా పని నేర్చుకోలేదు. నీటినీ ఉప్పునీ పట్టి ఉంచలేవు, పోస్తూనే ఉంటాయి. పొటాషియం, సోడియం అమాంతం పడిపోతాయి. ఆ కుర్రాడికి పొటాషియం 2.7కి దిగి, రాత్రంతా పిక్కలు పట్టేశాయి. ఒంట్లో నీరు తగ్గి బీపీ పడితే అప్పుడే చిగురించిన కిడ్నీకి మళ్లీ దెబ్బే. ఆ వారం పోయిన మూత్రాన్ని లెక్కేసి సెలైన్ ఎక్కించాం, రోజూ రక్తపరీక్ష చేశాం. ఇంకొక సంగతి, మూత్రం ముందు పెరుగుతుంది, క్రియాటినిన్ ఆ తర్వాత కొన్ని రోజులకు గానీ దిగదు. మధ్యలో నాలుగైదు రోజులు మూత్రం బాగా వస్తూ క్రియాటినిన్ కదలకపోతే బెంబేలు పడకండి. ఇప్పుడతని క్రియాటినిన్ 1.4. ఏటా ఉగాది తర్వాత వచ్చి చూపించుకుపోతాడు.

ఇక ‘డయాలసిస్ మొదలైతే జీవితాంతమే’ అన్న మాట. ఈ మాట ఎందుకు పుట్టిందో నాకు తెలుసు. మీ తమ్ముడి పక్క మంచాల మీద ఉన్నవాళ్లలో ఎక్కువమంది షుగరుతోనో బీపీతోనో ఏళ్ల తరబడి కిడ్నీలు కుంచించుకుపోయినవాళ్లు. వాళ్లకు డయాలసిస్ ఆగదు నిజమే. అది డయాలసిస్ వల్ల కాదు, వాళ్ల కిడ్నీల్లో కోలుకోవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి. హఠాత్తుగా ఆగిన కిడ్నీ సంగతి వేరు. 1945లో నెదర్లాండ్స్‌లో విలెం కోల్ఫ్ అనే డాక్టరు తాను తయారుచేసిన డయాలసిస్ మిషన్‌తో మొట్టమొదట బతికించిన మనిషి 67 ఏళ్ల ఆమె. ఆమెవీ ఇలా హఠాత్తుగా ఆగిన కిడ్నీలే. డయాలసిస్‌తో స్పృహలోకి వచ్చింది, తర్వాత కిడ్నీలు సొంతంగా పని చేశాయి, ఇంకా కొన్నేళ్లు బతికింది.

దీనికి రెండో వైపు కూడా ఉంది. క్రియాటినిన్ 6 ఉంది, ఈ రోజు ఎందుకు చేయలేదని ఇంట్లోవాళ్లు మాతో గొడవపడుతుంటారు. డయాలసిస్ అంకె చూసి చేసేది కాదు. పొటాషియం పెరిగినా, ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, రక్తంలో ఆమ్లం ఎక్కువైనా, మనిషి మగతగా ఉన్నా చేస్తారు. 2020లో 15 దేశాల్లో దాదాపు 3,000 మంది ఐసీయూ రోగుల మీద జరిగిన అధ్యయనం ఒకటి వెలువడింది. తొందరపడి ముందే డయాలసిస్ మొదలుపెడితే ప్రాణాలేమీ అదనంగా దక్కలేదు. పైగా బతికినవాళ్లలో 90 రోజులకు ఇంకా డయాలసిస్ మీదే ఉన్నవాళ్లు ముందే మొదలుపెట్టినవాళ్లలో నూటికి 10 మంది, అవసరం వచ్చేదాకా ఆగినవాళ్లలో నూటికి 6. అందుకని మీ డాక్టరు ‘ఈ రోజు వద్దు, రేపు చూద్దాం’ అంటే అది మంచి మాట.

మిషన్ మీద ఉన్నప్పుడు బీపీ పడిపోతోందా, గమనించండి. కళ్లు తిరగడం, చెమటలు, ఆవులింతలు వస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పండి. ఒంట్లో నీరు ఒకేసారి ఎక్కువ లాగితే బీపీ పడుతుంది, బీపీ పడిన ప్రతిసారీ కోలుకుంటున్న కిడ్నీకి కొత్త దెబ్బ తగులుతుంది. కాళ్ల వాపు రెండు రోజులు ఆలస్యంగా తగ్గినా పర్వాలేదు, కొంచెం నెమ్మదిగా లాగండి అని అడగడంలో తప్పు లేదు.

రెండో దెబ్బ చాలాసార్లు మందుల షాపు నుంచి వస్తుంది. నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి. రెండు మంచి కిడ్నీలున్నవాళ్లకు నాలుగు రోజులు వాడినా ఏమీ కాకపోవచ్చు. ఇతనికి అలా కాదు. పాకాల వైపు రైతు ఒకరు, 44 ఏళ్లు, ట్రాక్టర్ బోల్తాపడి ఒక కిడ్నీ పోయింది. రెండు నెలల్లో చక్కగా కోలుకుని క్రియాటినిన్ 1.6కు వచ్చారు. ఇంటికి పోయాక నడుంనొప్పి వస్తే ఊళ్లో పది రోజులు రోజుకొక నొప్పి ఇంజెక్షన్ వేయించుకున్నారు. తనకున్నది ఒకటే కిడ్నీ అని సూది వేసినతనికి చెప్పాలని ఆయనకు తోచలేదు. ఆ మాట గట్టిగా చెప్పి పంపనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. తిరిగి వచ్చేసరికి 5.2. మళ్లీ కోలుకున్నారు గానీ 2.4 దగ్గర ఆగిపోయారు. ఆ పది సూదులు ఆయన కిడ్నీ ఆయుష్షులో ఎన్నో ఏళ్లు తీసుకుపోయాయి.

నొప్పికి పారాసిటమాల్ సరిపోతుంది. అది చాలకపోతే కిడ్నీకి హాని చేయని వేరే మందులున్నాయి, డాక్టరు రాస్తారు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ తప్పనిసరైతేనే, లెక్కగా వాడతారు. రంగుమందు ఎక్కించి తీసే సీటీ స్కాన్ మాత్రం ప్రాణానికి అవసరమైతే కిడ్నీ పేరు చెప్పి ఆపకూడదు. అవసరం లేనప్పుడు ‘ఒకసారి చూసుకుందాం’ అని తీయించకూడదు, అంతే.

నాటుమందుల గురించి నొప్పించకుండా చెప్పాలనే ఉంది. మన చిత్తూరు జిల్లా పల్లెల్లో ఎవరికైనా కిడ్నీ అనగానే ఎవరో ఒకరు ఆకుపసరు తెచ్చిస్తారు. ప్రేమతోనే తెస్తారు. కానీ ఈశ్వరి వేరు, గాడిదగడపాకు లాంటి మొక్కల్లో ఉండే ఆమ్లం కిడ్నీ గొట్టాలను శాశ్వతంగా పాడుచేస్తుంది. అదే జాతి మొక్క కలిసిన సన్నబడే మందు వాడి 1990ల్లో బెల్జియంలో ఎంతోమంది స్త్రీలు కిడ్నీలు పోగొట్టుకున్నారు. భస్మాల్లో సీసం, పాదరసం ఉండొచ్చు. ఈ మూడు నెలలు ఏ పసరూ వద్దు.

చూడ్డానికి వచ్చిన చుట్టాలు తెచ్చే టెంకాయ నీళ్లు, బత్తాయి రసం, అరటి దూట రసం కూడా ఇప్పుడు వద్దు. ఒక్క లేత టెంకాయ నీళ్లలో అరగ్రాము పైనే పొటాషియం ఉంటుంది. మూత్రం సరిగా రానివాడికి అది గుండెను ఆపగలదు. ‘వేడి చేసింది, చలవ చేస్తుంది’ అని దొంగచాటుగా తాగించిన రాత్రి ఐసీయూకు పరుగెత్తిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. నీళ్లు కూడా లెక్కే. నిన్న ఎంత మూత్రం వచ్చిందో అంత, దానికి తోడు అర లీటరు, ఎండాకాలం వార్డులో ఏసీ లేకపోతే ఇంకొంచెం. ఎక్కువ తాగిస్తే కిడ్నీ కడుక్కుపోయి బాగవుతుందనేది తప్పు. పోయే దారి లేని నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది.

చీలిన కిడ్నీ కాబట్టి ఇంకో మూడు ప్రమాదాలు చెప్పాలి. గాయమైన రెండో, మూడో వారంలో మూత్రం హఠాత్తుగా మళ్లీ ఎర్రగా వస్తే తెల్లవారేదాకా ఆగకండి. లోపల మానుతున్న చోట రక్తనాళం బుడగలా ఉబ్బి పగలొచ్చు. కాలి నరం నుంచి సన్న గొట్టం పంపి ఆ ఒక్క చోటే మూసేస్తారు. మీవాళ్లు సరిగ్గా ఆ రోజుల్లోనే ఉన్నారు. రెండోది జ్వరం, చలి, పక్కటెముకల కింద నొప్పి. అంటే గూడు కట్టిన రక్తానికో కారిన మూత్రానికో చీము పట్టిందేమో చూడాలి. మూడోది కొత్తగా బీపీ పెరగడం. కిడ్నీ చుట్టూ గడ్డకట్టిన రక్తం దాన్ని నొక్కితే అది బీపీని పెంచే పదార్థాల్ని వదులుతుంది. 1939లో ఇర్విన్ పేజ్ అనే డాక్టరు కుక్కల కిడ్నీలకు సెలోఫేన్ కాగితం చుట్టి ఇదే చూపించాడు. వారాల తర్వాత కూడా రావచ్చు, కాబట్టి ఇంటికెళ్లాక బీపీ మిషన్ ఒకటి కొనుక్కోండి.

అందరూ కోలుకుంటారని చెప్తే అబద్ధమవుతుంది. 15 ఏళ్ల షుగరు ఉన్న 58 ఏళ్ల ఆయన ఒకరు, రాళ్లు అడ్డుపడి చీము పట్టిన కిడ్నీ తీసేయాల్సి వచ్చింది. ఉన్న రెండోది అప్పటికే సగం పాడై ఉంది, ఇన్ఫెక్షన్‌తో అది కూడా ఆగిపోయింది. మూడున్నర నెలలు చూశాం. మూత్రం 400 వచ్చేది కానీ వడపోత రాలేదు. ఆయన ఇప్పటికీ వారానికి మూడు డయాలసిస్‌ల మీదే ఉన్నారు. రక్తపింజరి కాటుకు వచ్చేవాళ్లలో కొందరికి కిడ్నీ పైపొర మొత్తం చచ్చిపోతుంది. అలాంటప్పుడు చిగురించడానికి వేరు కూడా మిగలదు. కిడ్నీకి పోయే ముఖ్య రక్తనాళం తెగినా, గడ్డకట్టి మూసుకున్నా గంటల్లోనే తేలిపోతుంది. మీ తమ్ముడికి డాప్లర్ స్కాన్ చేసి రక్తం పోతోందని చూశారా, ఇదొక్కటి రేపు అడగండి. రక్తం పోతూ ఉంటే, ముందు కిడ్నీలు మంచివే అయితే, నేను చివరిదాకా ఆశ వదలను. నా దగ్గర అందరికన్నా ఆలస్యంగా మూత్రం మొదలైన మనిషికి అది 71వ రోజున మొదలైంది.

మీ కిడ్నీ విషయం. అక్కగా మీరు ఇవ్వాలనుకోవడం పెద్ద మనసు. కానీ లెక్క ప్రకారం 90 రోజులు దాటిన తర్వాతే ఇది దీర్ఘకాలిక జబ్బు అంటాం. ఆలోపు మార్పిడి గురించి మాట్లాడే పని లేదు. ఆ కిడ్నీ 80వ రోజున లేస్తే మీరు అనవసరంగా ఒక కిడ్నీ పోగొట్టుకున్నవారవుతారు. చేతికి ఫిస్టులా ఆపరేషన్ (డయాలసిస్ కోసం చేతిలోని రక్తనాళాల్ని కలపడం) కూడా ఇప్పుడే తొందరపడకండి, మెడ దగ్గరి గొట్టంతో నడుస్తుంది. అయితే ఒక జాగ్రత్త ఈ రోజు నుంచే తీసుకోండి. కుడిచేతి వాటం అయితే ఎడమ చేతికి సూదులు, సెలైన్లు, రక్తపరీక్షలు వద్దని సిస్టర్‌కు చెప్పండి. ఎప్పుడైనా ఫిస్టులా అవసరమైతే ఆ నరాలే కావాలి.

కోలుకుంటోందని ఎలా తెలుస్తుందంటే, మూత్రం రోజుకు అర లీటరు దాటి పెరుగుతూ పోవడం, రెండు డయాలసిస్‌ల మధ్య క్రియాటినిన్ పెరగడం తగ్గి తనంతట తానే దిగడం. చిన్న తిరకాసు ఒకటుంది. నెల రోజులు మంచాన పడితే కండ కరిగిపోతుంది, కండ తగ్గితే క్రియాటినిన్ తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఒకరోజు మూత్రమంతా పట్టి చేసే పరీక్షో, సిస్టాటిన్ సి పరీక్షో చేయించి అసలు వడపోత ఎంతో తేల్చుకోవడం మంచిది.

ఇంటికి వచ్చాక సంగతి వేరేగా రాయాలి, ఇక్కడ ముఖ్యమైనది ఒక్కటే చెప్తాను. ఉన్న నెఫ్రాన్లు ఎక్కువ పని చేస్తున్నాయి కదా, ఆ ఒత్తిడికి కొన్నేళ్లకు అవి కూడా మచ్చపడటం మొదలుపెట్టొచ్చు. దానికి మొదటి గుర్తు మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడం. నొప్పి ఉండదు, వాపు ఉండదు. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి ఆ పరీక్ష చేయించండి. బీపీ 130/80 లోపు ఉండాలి. ఆల్బుమిన్ కనిపిస్తే దాన్ని తగ్గించే మంచి మందులున్నాయి, తొందరగా మొదలుపెడితే చాలా ఏళ్లు కలిసొస్తాయి. జేబులో ఎప్పుడూ ‘నాకు ఒకటే కిడ్నీ’ అని రాసిన కార్డు ఉండాలి. కువైట్‌కు వెళ్లాలనుకుంటున్నాడని రాశారు. ఏడాది దాకా వద్దు. ఆ తర్వాత కూడా ఎండలో చేసే పని కాకుండా నీడపట్టున ఉండే పని చూసుకోమనండి. చెమట రూపంలో నీరు పోయి బీపీ పడటం అతని కిడ్నీకి మంచిది కాదు.

ఇక సంగటి. మూత్రం ఇంత తక్కువగా ఉన్నప్పుడు రాగుల్లోని పొటాషియం, ఫాస్ఫరస్ కొంచెం ఎక్కువే. ఇప్పటికి అన్నం పెట్టండి, కూరగాయలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంచేసి వండండి. పత్యం పేరుతో పస్తు మాత్రం పెట్టకండి. డయాలసిస్ మీద ఉన్నవాడికి, గాయం మానాల్సినవాడికి ప్రోటీన్ ఎక్కువ కావాలి. రోజుకు మూడు నాలుగు కోడిగుడ్ల తెల్లసొన, కొంచెం చికెన్ పెట్టొచ్చు. మూత్రం లీటరు దాటి, రెండుసార్లు వరసగా పొటాషియం నార్మల్ వస్తే ఆ రోజు చిన్న ముద్ద సంగటి, పప్పుతో పెట్టండి. చెనక్కాయల చట్నీ ఇంకో రెండు వారాలు ఆగాక.